రెండో మడత

మడతల మామకి ముక్కు పనిచేయదు. ఈ సంగతి ముందే చెప్పేసుకోవడం మంచిది, ఎందుకంటే ఆ తర్వాత జరిగిన చేటంతా ఆ ముక్కు దగ్గరే మొదలైంది. చూడ్డానికి నిక్షేపంలాంటి ముక్కు. కళ్లజోడు నిలబెట్టుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. గులాబీ పెట్టినా, కుళ్లిన గుడ్డు పెట్టినా దానికి మాత్రం రెండూ ఒకటే.

"నీ ముక్కు కాస్త అద్దెకివ్వు మామా. చెత్త సంచులు ఎత్తేటప్పుడు పెట్టుకుంటా" అని ఏడిపించేవాడు వంటగదిలో ఫ్రైయర్ దగ్గర నిలబడే మాస్టర్.

"అద్దె ఎందుకురా మాస్టరూ, ఊరికే తీసుకెళ్లు. కళ్లజోడు ఎక్కడ తగిలించుకోవాలో మాత్రం చెప్పి వెళ్లు" అనేవాడు మామ.

వయసులో ఉన్నంతకాలం ఆయన పుస్తకాల బైండరు. కిటికీ లేని గది, పొయ్యి మీద ఎప్పుడూ ఉడుకుతుండే సరేసు జిగురు గిన్నె, గోడ పొడుగునా అట్టల దొంతరలు. సరేసు పోయి, డబ్బాల్లో ఘాటు గోందు వచ్చాక, ఏళ్ల తరబడి దాన్ని పీల్చి పీల్చి ముక్కు మొద్దుబారింది. ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు. ఇంట్లో పాలు మాడి, పక్కింటివాళ్లు వచ్చి తలుపు బాదితే, పేపరు చదువుకుంటున్నవాడు తలెత్తి "ఎవరింట్లో?" అని అడిగాడట. ఆయన భార్య బతికున్నన్నాళ్లూ ఆ కథ చెప్పి చెప్పి నవ్వేది.

ముక్కు పోయినా బొటనవేలు పోలేదు. కాగితం మీద ఒక్కసారి వేలు రాస్తే దాని దళసరి, దాని నార ఎటు పోతోందీ చెప్పగలడు. చినిగిన పుస్తకం వస్తే అట్ట ఊడదీసి, పాత జిగురు గీకి, ఆరబెట్టి, అదే అట్టకి కొత్త గుడ్డ తొడిగేవాడు. బాగున్న అట్టని పారేయడమంటే ఆయనకి వడ్డించిన అన్నాన్ని నేలపాలు చేయడమే. ఆ అలవాటు ఎముకల్లో ఇంకిపోయింది. ఎంతగా ఇంకిందో తర్వాత తెలిసింది.

బైండింగ్ గది మూతపడింది. అప్పటికి భార్య పోయింది, పిల్లలు లేరు. అక్క కూతురు వచ్చి, "మా ఇంట్లో ఒక మంచం ఖాళీగా ఉంది మామయ్యా" అని, ఆయన సమాధానం వినకుండానే సామాను సర్దేసింది. ఆ మేనకోడలు బస్సులు ఆగే కూడలిలోని ఒక ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్‌లో షిఫ్టు ఇన్‌ఛార్జి. ఆమె భర్త లారీల మీద దూరాలు తిరిగే మనిషి. ఇంట్లో ఐదేళ్ల కూతురు. కొన్నాళ్లకి ఆమే అంది: "ఊరికే కూర్చుంటే ఇనుముకే తుప్పు పడుతుంది మామయ్యా. మా దగ్గర డబ్బాలు మడిచే పని ఉంది. చేస్తావా?"

తిండి పెట్టి ఇచ్చే అట్టడబ్బాలు రెస్టారెంట్‌కి మడతలు గుర్తువేసిన పలకల్లా చదునుగా వస్తాయి. వాటిని ఎవరో ఒకరు నిలబెట్టాలి. వెనక సామాన్ల గదిలో, వంటగది ద్వారం పక్కన, ఒక స్టూలు మీద కూర్చుని మామ ఆ పని అందుకున్నాడు. మిగతావాళ్లు మడిచిన డబ్బాలు మూలల్లో ఉబ్బి, ఒకదాని మీద ఒకటి పెడితే తాగినవాడిలా ఊగేవి. మామ మడిచినవి గోడ కట్టినట్టు నిలబడేవి. ప్రతి గీతనీ బొటనవేలి గోరుతో నొక్కేవాడు. ఒక్కసారే.

"ఇంకోసారి నొక్కితే ఇంకా గట్టిగా ఉంటుంది కదా?" అని ఎవరో అడిగితే, "రెండో మడత కాగితం నడుం విరుస్తుంది. ఆ చోట తెల్లగా పగుళ్లు వస్తాయి. పైకి కనిపించదు గానీ అది మొదటి డబ్బా కాదింక" అన్నాడు. అప్పటినుంచి ఆయనకి ఆ పేరు పడింది. చిన్నా పెద్దా అందరికీ ఆయన మడతల మామే.

అన్నాళ్లు పనిచేసినా ఆయన ముందు హాల్లోకి ఎప్పుడూ వెళ్లలేదు. పొద్దున్నే వెనక తలుపులోంచి రావడం, మధ్యాహ్నం రద్దీ తగ్గాక వెనక తలుపులోంచి పోవడం. తన డబ్బాలు వంటగదిలోకి వెళ్లడం వరకే తెలుసు. ఆ తర్వాత వాటి గతేమిటో ఆయన ఆలోచించలేదు. పిల్లకి పెళ్లి చేసి పంపాక ఏ ఇంట్లో ఉందో కనుక్కోని తండ్రిలా ఉండిపోయాడు.

మేనకోడలికి మాత్రం ఆ గతి రోజూ కళ్లెదుట కనిపించేది. హాల్లో కూర్చుని తినేవాళ్లకి కూడా డబ్బా, డబ్బాలో కాగితం, పైన సంచి, గ్లాసుకి మూత, మూతకి గొట్టం. తినడం ఎంతసేపు? ఆ తర్వాత వెనక తలుపు దగ్గర నల్ల సంచుల గుట్ట. ఆమె పట్టుబట్టి హెడ్డాఫీసుకి ఒక ప్రతిపాదన పంపింది. ఇక్కడే తినేవాళ్లకి స్టీలు ప్లేట్లలో పెడదాం, మరిగే నీళ్లతో కడిగే యంత్రం ఒకటి ఇవ్వండి అని. హెడ్డాఫీసు నుంచి తాపీగా కబురొచ్చింది. ముందు ఉన్నవాటితోనే చెత్త బరువు తగ్గించి చూపించండి, ఆ తర్వాత యంత్రం సంగతి చూద్దామని.

"ముందు ఈత కొట్టి చూపించు, తర్వాత నీళ్లు పోస్తాం అన్నట్టుంది" అన్నాడు మాస్టర్.

"కొట్టి చూపిస్తాను" అంది ఆమె.

బయటికి పోయే ప్రతి సంచినీ, అట్టల మోపునీ తూచేందుకు వెనక తలుపుకి ఒక కొక్కెం త్రాసు వేలాడదీసింది. అడిగితే తప్ప మూత ఇవ్వొద్దంది, గొట్టం ఇవ్వొద్దంది. రెండు రకాలు కొన్నవాళ్లకి ఒకే డబ్బాలో సర్దమంది. హాల్లో ఖాళీ ట్రేలు తిరిగి ఇచ్చే చోట మూడు తొట్లు పెట్టించింది. ఎంగిలి ఒకదాంట్లో, ప్లాస్టిక్ ఒకదాంట్లో, జిడ్డు అంటని అట్టలు ఇంకోదాంట్లో. ఆ అట్టల్ని పాత కాగితాల వ్యాపారి పట్టుకెళ్తాడు, మిల్లులో నానబెట్టి కొత్త కాగితం చేస్తారు. జిడ్డుది ఒక్కటి కలిసినా మొత్తం మోపు వెనక్కి కొడతాడు. అందుకని వేరుచేయడానికి నమ్మకమైన చెయ్యి కావాలి.

"నువ్వు రా మామయ్యా. కాగితం గురించి నీకు తెలిసినంత ఇక్కడెవరికి తెలుసు?"

అలా మామ మొదటిసారి హాల్లోకి అడుగుపెట్టాడు. మధ్యాహ్నం రద్దీలో, ట్రేల బల్ల వెనక నిలబడి, పొద్దున తను గోడలా పేర్చిన డబ్బాలు ఒక్కొక్కటే తిరిగి రావడం చూశాడు. కొన్ని నలిగిపోయి, కొన్ని సాస్‌తో మునిగిపోయి. చాలావాటికి మాత్రం ఏమీ కాలేదు. రొయ్యలకీ, చికెన్‌కీ డబ్బా అడుగున ఒక నూనె పీల్చే కాగితం పరుస్తారు. ఆ కాగితం తీసేస్తే కింద డబ్బా పొద్దున మడిచినట్టే ఉంది. మామ బొటనవేలు రాసి చూశాడు. జిడ్డు లేదు, తడి లేదు. మూలలు నిటారుగా నిలబడే ఉన్నాయి.

ఇంటికొచ్చాక మేనకోడలితో, "అంత బాగున్నవాటిని నానబెట్టి పిప్పి చేస్తారా?" అన్నాడు.

"పిప్పి చేస్తేనే కదా మళ్లీ కాగితం అయ్యేది. పారేయడం కంటే నయం కాదూ?"

"నయమేలే" అన్నాడు. కానీ ఆ మాట ఆయన గొంతు దిగలేదు.

మొదట్లో త్రాసు ముల్లు బాగానే దిగింది. తర్వాత ఒకచోట ఆగి మొండికేసింది. మేనకోడలు రోజూ సాయంత్రం దాని ముందు నిలబడి పెదవి కొరుక్కునేది. ఇంట్లో కూతురికి జడ వేస్తూ మధ్యలో ఆగిపోయి గోడకేసి చూసేది. "అమ్మా, ఇంకో పాయ మిగిలింది" అని ఆ పిల్ల గుర్తుచేయాల్సి వచ్చేది. మామ ఆ చేతుల్ని చూశాడు. తనని అడక్కుండా సామాను సర్ది తీసుకొచ్చిన చేతులు.

ఆ మర్నాడు జిడ్డు అంటని డబ్బాల్లో కొన్నిటిని మామ తొట్టిలో వేయలేదు. మూలల్లో దూర్చిన చెవుల్లాంటి అంచులు విప్పి, చదును చేసి, చొక్కా కింద పెట్టుకుని సామాన్ల గదిలోకి తీసుకెళ్లి కొత్త కట్టల కింద దాచాడు. తర్వాతి ఉదయం వాటిని మళ్లీ మడిచాడు. గీత మీద తెల్లగా సన్నటి పగులు వచ్చింది. రెండో మడత. తన సూత్రాన్ని తనే తప్పుతున్నందుకు వేలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత నొక్కేసింది. అవి బంగాళాదుంప ఫ్రైస్‌కి వెళ్లాయి. దుంపే కదా, దానికేమవుతుంది అనుకున్నాడు.

ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు కాబట్టే అడగలేదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఆ తెలిసిన సంగతిని తెలియనట్టే పక్కన పెట్టాడు. ఇంకెవరైనా ఆ డబ్బాని ఒక్కసారి ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే కథ అక్కడే ఆగేది. రొయ్యల డబ్బాకి కాగితం పరిచినా, ఆవిరితో పాటు రొయ్య అట్టలోకి దిగుతుంది. కంటికి కనిపించదు, వేలికి తగలదు, వాసన చెబుతుంది. ఆ పని చేయాల్సిన అవయవం మామకి లేదు.

త్రాసు ముల్లు మళ్లీ దిగింది. కొత్త డబ్బాల కట్టలు తక్కువ విప్పుతున్నారని మేనేజర్ కూడా సంతోషించాడు. హెడ్డాఫీసు నుంచి మనిషి వచ్చి చూస్తాడనీ, యంత్రం దాదాపు ఖాయమేననీ కబురు వచ్చింది. ఆ రోజు మేనకోడలు కూతురి జడ మొత్తం ఆగకుండా వేసింది. మామ మూల కుర్చీలో కూర్చుని చూశాడు. చాలా కాలం తర్వాత తను ఎవరికో అక్కరకొచ్చానని ఆయన అనుకున్నది ఆ ఒక్క సాయంత్రమే.

ఆ తర్వాత ఒకరోజు, బడులు వదిలే వేళకి ఒక తల్లి, చిన్న కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. వచ్చేవాళ్లలో చాలామంది చూపు పైన వంటకాల బొమ్మల పట్టిక మీద ఉంటుంది. ఆమె చూపు వంటగది మీద ఉంది. "మా వాడికి రొయ్యలు పడవు. తగిలినా పడవు. ఫ్రైస్ వేరే నూనెలోనే వేస్తారా? జల్లెడ వేరేనా?" అని అడిగింది. కౌంటర్ అమ్మాయి మాస్టర్ని పిలిచింది. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నూనె వేరు, తొట్టి వేరు, జల్లెడ వేరు, పట్టకారు కూడా వేరేనమ్మా. నాకూ ఇద్దరు పిల్లలు. వాళ్లకి పెట్టినట్టే పెడతాను" అన్నాడు. అన్నట్టే చేశాడు. తీసుకెళ్లి డబ్బాలో పోశాడు.

ఆ రోజు మామ ఇంకా ట్రేల బల్ల దగ్గరే ఉన్నాడు. కుర్చీ పడిన చప్పుడు విన్నాడు. తిరిగి చూసేసరికి పిల్లాడి పెదవులు ఉబ్బి ఉన్నాయి, మెడ మీద ఎర్రటి దద్దుర్లు, ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది. తల్లి అరవలేదు. సంచిలోంచి ఇలాంటప్పటికని దాచుకున్న మందు సూది తీసి, నిక్కరు మీదనుంచే తొడలో పొడిచి, పట్టుకుని, "చూడు, నా వైపు చూడు, అమ్మని చూడు" అంటూనే ఉంది. అంబులెన్స్ వచ్చింది. వాళ్లని ఎక్కించుకుని వెళ్లిపోయింది.

నేల మీద ఫ్రైస్ చెల్లాచెదురుగా పడున్నాయి. మధ్యలో డబ్బా. మామ వంగి తీశాడు. మూల గీత మీద తెల్లటి పగులు. ఆ డబ్బాని చెత్తలో వేయలేదు, ఎవరికీ చూపించలేదు. చదును చేసి చొక్కా కింద పెట్టుకున్నాడు. దాచిన కట్టనంతా ఆ సాయంత్రమే చింపి పోగులు పెట్టేశాడు.

పిల్లాడు ప్రాణాలతో ఉన్నాడనీ, ఆసుపత్రిలో కోలుకుంటున్నాడనీ మర్నాడు తెలిసింది. మామ కూర్చున్నచోటే కళ్లు మూసుకుని ఊపిరి వదిలాడు. గండం గడిచిందనుకున్నాడు. గడిచింది పిల్లాడి గండమే. ఆ మధ్యాహ్నం మేనేజర్ ఫ్రైయర్ మాస్టర్ని పిలిచాడు. మేనేజర్ చెడ్డవాడు కాదు. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి, ఒక కారణం చెప్పాలి, ఒక మనిషిని చూపించాలి. రద్దీలో రొయ్యల జల్లెడ ఫ్రైస్ తొట్టిలో ముంచి ఉంటావు, అంతకంటే వేరే దారి లేదు అన్నాడు. మాస్టర్ ఒట్టేశాడు, అరిచాడు, బతిమాలాడు. హెడ్డాఫీసు మనిషి వచ్చి తేల్చేదాకా పనిలోకి రావొద్దన్నారు. ఆ తర్వాత ఇంకెక్కడా వంటగదిలోకి రానివ్వరని అందరికీ తెలుసు.

తేలు కుట్టిన దొంగలా మామ మూలుగు మింగి తిరిగాడు. చెబితే ప్లేట్ల పథకం మట్టిలో కలుస్తుంది, మేనకోడలు తలెత్తుకోలేదు, తన స్టూలు పోతుంది. చెప్పకపోతే? ఎలాగో మాస్టర్ తప్పు రుజువు కాదులే, అతనే గట్టిగా నిలబడతాడులే అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు.

కొన్ని రోజులకి మాస్టర్ తన చెప్పులూ, ఏప్రనూ తీసుకోవడానికి వెనక తలుపు దగ్గరికి వచ్చాడు. గడ్డం మాసి ఉంది. మామ రెండు టీలు తెచ్చాడు. ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారు.

"ముక్కు ఎలా ఉంది మామా?" అన్నాడు మాస్టర్, అలవాటుగా.

"అలాగే ఉందిరా."

మాస్టర్ టీ తాగకుండా గ్లాసుని చేతుల్లో తిప్పుతూ ఉండిపోయాడు. "నేను ముంచలేదనే అనుకున్నాను మామా. ప్రమాణం చేసి చెప్పాను కదా. కానీ ఇప్పుడు రోజూ కళ్లు మూసుకుని ఆ పూటని మళ్లీ మళ్లీ చూస్తున్నాను. ఆ జల్లెడ ఫ్రైస్‌కి వాడే నీలం పిడిదా, రొయ్యలకి వాడే ఎర్ర పిడిదా? నీలమే. ఇంకోసారి చూస్తే ఎర్రది కనిపిస్తోంది. ఏమో మామా. నేనే చేశానేమో." మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "నిన్న మా చిన్నదానికి అన్నం కలిపి పెడుతుంటే చెయ్యి వణికింది. ఏం కలిసిపోతుందో అని. వాళ్లమ్మని పిలిచి నువ్వే పెట్టు అన్నాను."

గట్టిగా నిలబడతాడనుకున్న మనిషి లోపల కూలిపోయాడు. చేయని తప్పుని తన చేతులతో తనే నెత్తిన పెట్టుకుంటున్నాడు. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుందేమో. కన్నబిడ్డకి ముద్ద పెట్టలేని చేతిని ఎవరు తిరిగి ఇస్తారు?

అప్పుడే, ఆ మెట్టు మీదే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. "టీ తాగరా, చల్లారిపోతోంది" అన్నాడు. ఆ మాట ఆయన్ని తర్వాత చాలా కాలం పీడించింది.

మర్నాడు పొద్దున మేనకోడలు కూతురి బడి టిఫిన్ డబ్బా సర్దుతోంది. మామ దాచిన అట్టని తెచ్చి పొయ్యి పక్కన గట్టు మీద పెట్టాడు.

"ఇదేంటి మామయ్యా?"

"ఆ పిల్లాడు తిన్న డబ్బా. రెండోసారి మడిచింది. నేనే."

ఆమెకి అర్థం కాలేదు. అట్టని తిప్పి చూసింది, గీత చూసింది. నెమ్మదిగా ముక్కు దగ్గరికి తీసుకెళ్లింది. కళ్లు మూసుకుంది.

"రొయ్యలు" అంది.

"నాకు తెలియలేదమ్మా. శుభ్రంగా ఉందనుకున్నాను."

"ఎప్పటినుంచి?"

"ముల్లు మళ్లీ దిగింది చూడు, అప్పటినుంచి."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "అంటే తగ్గిన ఆ బరువంతా అబద్ధమా? నేను వాళ్లకి పంపిందంతా?" అంది. తర్వాత ఒక్కసారిగా లేచి, "మామయ్యా, మన పిల్లకి నేను అక్కడినుంచే కదా ఫ్రైస్ తెచ్చి పెట్టింది! నువ్వు ఇక్కడే కూర్చుని చూశావు కదా!" అని కేక వేసింది. పక్కగదిలోంచి పిల్ల తొంగి చూసింది. తల్లి గొంతు తగ్గించుకుంది.

కారుతున్న కుళాయిని గట్టిగా కట్టేసింది.

"హెడ్డాఫీసు మనిషి రేపు వస్తున్నాడు" అంది చివరికి, ఆయన వైపు చూడకుండా. "చూసి సంతకం పెడితే యంత్రం వచ్చేస్తుంది. ఆ తర్వాత డబ్బాలే ఉండవు, ఇలాంటిది మళ్లీ జరగదు. ఒక్క రెండు రోజులు ఆగి చెబితే..."

"ఆ రెండు రోజులు మాస్టర్ తన పిల్లకి ముద్ద పెట్టుకోలేడమ్మా."

మెట్టు మీద విన్నది చెప్పాడు. ఆమె వింది. పిల్ల బడి డబ్బా మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. "పద" అంది. "నేనూ వస్తాను. నా షిఫ్టులో జరిగింది. చెప్పాల్సింది ఇద్దరం."

మేనేజర్ గదిలో ఎక్కువసేపు పట్టలేదు. మామని ఆ క్షణమే పంపేశారు. మేనకోడలి ఉద్యోగం ఉంది, ఇన్‌ఛార్జి పదవి పోయింది. హెడ్డాఫీసు మనిషి వచ్చి, త్రాసు తీయించి, ప్లేట్ల మాట ఇప్పట్లో ఎత్తొద్దని వెళ్లిపోయాడు. సామాన్ల గదిలో ఏ డబ్బా ఎలాంటిదో నమ్మకం లేక ఉన్నవన్నీ పారేశారు. ఆ రోజు వెనక తలుపు దగ్గర పడినన్ని నల్ల సంచులు అంతకుముందు ఎప్పుడూ పడలేదట. మామ చూడలేదు. ఆమె వచ్చి చెప్పింది, అంతే.

మాస్టర్ పనిలోకి తిరిగి వచ్చాడు. మామ అతని ఇంటికి వెళ్లాడు. అతను తలుపు తీసి, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నా పక్కన కూర్చుని టీ తాగావు మామా" అన్నాడు. "నేను ఏడుస్తుంటే, చల్లారిపోతోంది తాగరా అన్నావు."

మామ చేతులు జోడించాడు. మాస్టర్ ఆ చేతుల వంక చూసి, తలుపు వేయలేదు గానీ, లోపలికి రమ్మనీ అనలేదు. లోపల ఒక చిన్నపిల్ల "నాన్నా, ఇంకో ముద్ద" అని పిలిచింది. "వస్తున్నా" అని లోపలికి వెళ్లాడు. మామ అది విని వచ్చేశాడు.

ఇంకొక్క గుమ్మం మిగిలింది. ఆ పిల్లాడి ఇంటి చిరునామా మేనకోడలి దగ్గర ఉంది, క్షమాపణ చెప్పడానికి మేనేజర్‌తో కలిసి డబ్బా సంగతి బయటపడకముందే ఒకసారి వెళ్లింది కాబట్టి. ఆ సంగతి వాళ్లకి ఇంకా ఎవరూ చెప్పలేదు. "నేనూ రానా?" అంది. "వద్దమ్మా" అన్నాడు.

ఇరుకు మెట్లు ఎక్కి రెండో అంతస్తులో తలుపు తట్టాడు. తల్లి తీసింది. ఆమె వెనక, నేల మీద బోర్లా పడుకుని పిల్లాడు రంగులు వేసుకుంటున్నాడు. మామ తనెవరో చెప్పాడు. ఏం చేశాడో దాచకుండా చెప్పాడు. డబ్బా, లోపలి కాగితం, ముక్కు, రెండో మడత. ఆమె మధ్యలో ఆపలేదు.

"వీడికి ఏం పెట్టాలన్నా సవాలక్ష ప్రశ్నలు అడుగుతాను" అంది చివరికి. "మా అత్తగారు నాకు చాదస్తం అంటారు. ఆ రోజు నూనె అడిగాను, జల్లెడ అడిగాను. డబ్బా గురించి అడగాలని తట్టలేదు. అప్పటినుంచి అదే ఆలోచన, ఏం అడగడం మర్చిపోయానా అని."

"నువ్వు అడగాల్సింది ఏమీ మిగల్లేదమ్మా. తప్పు నాది."

"మీదే" అంది. "మిమ్మల్ని క్షమించడం నా వల్ల కాదు. వాడి ఊపిరి చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది."

"అందుకు రాలేదమ్మా. నీకు తెలియాలని వచ్చాను."

ఆమె తలుపు పట్టుకుని ఆలోచనలో పడింది. ఆ ముఖంలో ఏదో కదిలింది. "ఆగండి. అయితే దుంప వల్ల కాదన్నమాట. ఖాయంగా కాదు కదా?"

"కాదమ్మా. నూనె వల్లా కాదు. డబ్బా వల్లే. ఆ డబ్బాని మా మేనకోడలు వాసన చూసింది."

"వంటగదిలో ఏ తప్పూ కనిపించలేదని మొదట చెప్పారు. తర్వాత నూనె అన్నారు. ఏది నమ్మాలో తెలియక డాక్టరు దుంపలు కూడా ఆపేయమన్నాడు, పరీక్షలు తేలేదాకా. వీడికి చేపలు కూడా పడవు. గుడ్డు ఒంటదు. ఇష్టంగా తినేది అదొక్కటే. రోజూ అడుగుతున్నాడు, నేను అబద్ధాలు చెబుతున్నాను, దుకాణంలో అయిపోయాయని."

నేల మీద పిల్లాడు రంగు పెన్సిలు ఆపి తలెత్తాడు. "వచ్చాయా?" అన్నాడు.

"డాక్టరుకి ఫోన్ చేసి కనుక్కుంటాను" అంది తల్లి, కొడుకుతోనో మామతోనో తేలకుండా. తర్వాత మామతో, "మీరు వెళ్లండి" అంది. కటువుగా కాదు, మెత్తగానూ కాదు. తలుపు మూసుకుంది.

మామ మెట్లు దిగలేదు. మలుపు దగ్గర గోడకి ఆనుకుని పై మెట్టు మీద కూలబడ్డాడు. వాళ్ల వంటగది కిటికీ మెట్లవైపే ఉంది. లోపల ఆమె ఫోన్లో మాట్లాడుతోంది. అడుగుతోంది, విని మళ్లీ అడుగుతోంది, అదే ప్రశ్న ఇంకోలా అడుగుతోంది. "సరే డాక్టరుగారూ, కొంచెంతోనే మొదలుపెడతాను" అని ఫోన్ పెట్టేసింది.

తర్వాత కుళాయి తిప్పిన చప్పుడు. ఏదో గుండ్రటిది గిన్నెలో దొర్లింది. చెక్క మీద కత్తి, ఒక్కొక్క ముక్కగా, తొందర లేకుండా. "ఎంతసేపమ్మా?" అని పిల్లాడు. "ఆగు నాన్నా, ముందు రెండే రెండు ముక్కలు తిని చూద్దాం" అని ఆమె. కాసేపటికి కాగిన నూనెలో ముక్కలు పడి చిటచిటమన్నాయి. ఆ వాసన ఆయనకి ఎలాగూ తెలియదు. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా, ఆ తర్వాత లోపల పిల్లాడి మాట మామూలుగా వినిపించేదాకా కూర్చుని, అప్పుడు గోడ పట్టుకుని లేచాడు.